గుండుకూ గొట్టానికీ నడుమ: ఒక సందు చరిత్ర

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, ఉత్తరాంధ్రలో కొండ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న ఒక మండలంలో ఎన్నికల విధులు నిర్వహించవలసి వచ్చింది. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు కలిగిన తుపాకులను ఠాణాలో జమ చేయించుకోవడం ఆనవాయితీ. ఆ రోజు వచ్చినవారిలో పంట కాపలా కోసం లైసెన్సు పొందిన ఒక వృద్ధ రైతు ఉన్నాడు. ఆయన తెచ్చినది మూతి వైపు నుంచి మందు పోసి దట్టించే ఒంటిగొట్టపు తుపాకి. దానితోపాటు, గుడ్డలో చుట్టిన, పటకారు వంటి చిన్న ఇనుప పనిముట్టును కూడా బల్లమీద పెట్టాడు. అది సీసపు గుండ్లు పోసుకొనే అచ్చు. తుపాకి వివరాలు రాసి రసీదు ఇస్తే ఆయన తృప్తి పడలేదు. అచ్చు సంగతి కూడా రాయమన్నాడు. అచ్చుకు లైసెన్సు లేదు, ఫారంలో దానికి గడీ లేదు. "ఈ గొట్టానికి ఈ అచ్చే బాబూ. ఇది పోతే తుపాకి ఉన్నా లేనట్టే" అన్నాడు. రసీదు వెనుక ఆ అచ్చు వివరం నా చేతితో రాసి సంతకం చేశాను.

చరిత్ర చదువుకున్నవాడిగా ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. తుపాకి గురి కాల్చేవాని కంటిలోనూ చేతిలోనూ ఉంటుందని మనం సాధారణంగా అనుకుంటాం. అది సత్యమే కాని సంపూర్ణ సత్యం కాదు. గుండుకూ గొట్టానికీ నడుమ మిగిలే సందులో కూడా గురి దాగి ఉంటుంది. ఆ సందు ఎక్కువైతే గుండు దారి తప్పుతుంది; తక్కువైతే తుపాకిని నింపడమే కష్టమవుతుంది. దానిని సరిపుచ్చే పని ఎవరిది? కాల్చేవానిదా, కార్ఖానాదా, ప్రభుత్వానిదా? పైకి సాంకేతికంగా కనిపించే ఈ ప్రశ్న మన దేశ చరిత్రలో ఒక సందర్భంలో సామ్రాజ్యాన్నే కుదిపింది. ఆ కథను క్రమంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అచ్చు, తుపాకి ఒక జత

జామగి తుపాకుల కాలంలో ప్రతి గొట్టమూ కమ్మరి చేతిలో రూపుదిద్దుకొన్నదే. ఇనుప రేకును కాల్చి, చుట్టి, అతికి, లోపలి భాగాన్ని తొలిచి నునుపు చేసేవారు. ఒకే కమ్మరి ఒకే నెలలో చేసిన రెండు గొట్టాలు కూడా లోపలి కొలతలో సరిగ్గా ఒకటిగా ఉండేవి కావు. అందువల్ల తుపాకితోపాటు దాని గుండ్ల అచ్చును కూడా తయారు చేయించుకోవడం సహజమైన ఏర్పాటు. సీసం కరిగించడం, గుండు పోయడం, మందు కొలవడం, గుండు చుట్టూ గుడ్డపీలిక పెట్టి దట్టించడం అన్నీ కాల్చేవాని పనులే. ఎంత మందు పోస్తే తన తుపాకి నిలకడగా కాలుస్తుందో అతనికి అనుభవం నేర్పేది.

అబుల్ ఫజల్ రచించిన 'ఐన్-ఇ-అక్బరీ'లో తుపాకుల తయారీకి ప్రత్యేకంగా చోటు దక్కింది. గొట్టాన్ని చుట్టే పద్ధతిలో వచ్చిన మెరుగుదలను, గొట్టం మీద ఇనుము తూకాన్నీ పనివాని పేరునూ చెక్కే నియమాన్ని అందులో వివరించాడు. పశువు తిప్పే ఒక చక్రం సహాయంతో పదహారు గొట్టాల లోపలి భాగాన్ని ఒకేసారి శుభ్రపరిచే యంత్రాన్ని అక్బరు స్వయంగా కల్పించాడని కూడా పేర్కొన్నాడు. రాజపోషకుని పొగడ్తను కొంత తగ్గించి చదివినా ఒక విషయం స్పష్టమే: గొట్టం లోపలి భాగం ఒకే తీరుగా ఉండాలన్న ఆలోచన పదహారవ శతాబ్దం నాటికే మొగలు కార్ఖానాలకు వచ్చింది. 1568లో ముగిసిన చిత్తోడు ముట్టడిలో జైమల్‌ను అక్బరు కాల్చిన తుపాకి పేరు 'సంగ్రామ్'. పేరు పెట్టి పిలుచుకొనేటంతగా ప్రతి తుపాకికీ ఒక వ్యక్తిత్వం ఉన్న కాలమది.

రాజ్యాలు పెద్ద సైన్యాలను పోషించనారంభించాక ఈ వ్యక్తిత్వమే ఇబ్బందిగా మారింది. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు పోత పోసే కార్ఖానాను నెలకొల్పాడు. ఆ స్థలాన్ని జనం 'తోప్ కా సాంచా' అన్నారు. నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేరుతో నగరం నడిబొడ్డున నిలిచి ఉంది. సాంచా అంటే అచ్చే. వేలమందికి ఆయుధాలు సమకూర్చవలసి వచ్చినప్పుడు అచ్చు సిపాయి సంచిలో నుంచి ప్రభుత్వ కార్ఖానాకు మారక తప్పదు.

కడలూరులో కన్నుమూసిన శాస్త్రవేత్త

అందరికీ ఒకే కొలత గుండు ఇవ్వాలంటే దానిని గొట్టం కన్నా చాలా చిన్నదిగా చేయాలి. లేకపోతే నాలుగు దఫాలు కాల్చేసరికి పేరుకొనే మందు మసి వల్ల అయిదవ గుండు లోపలికి దిగదు. 'బ్రౌన్ బెస్' అని పేరుపడిన ఆంగ్ల సైనిక తుపాకి గొట్టం లోపలి కొలత సుమారు 0.75 అంగుళం, దానిలో వేసే గుండు సుమారు 0.69 అంగుళం. మిగిలిన సందు అంగుళంలో వందకు ఆరు వంతులు. వేగంగా నింపడానికి ఇది అనుకూలమే. కాని కాల్చినప్పుడు గుండు గొట్టపు గోడలకు కొట్టుకొంటూ పోయి, మూతి దగ్గర చివరిసారి ఏ వైపు తగిలితే దానిని బట్టి గిర్రున తిరుగుతూ బయటపడుతుంది. వంద గజాలు దాటితే దాని దారి దైవాధీనం.

ఈ దైవాధీనానికి కారణం చెప్పినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువడిన ఆయన గ్రంథం ఫిరంగి విద్యను గణితశాస్త్రం పునాదిమీద నిలబెట్టింది. గొట్టాన్ని ఎడమవైపు కాస్త వంచి కాలిస్తే గుండు మొదట ఎడమకు పోయినా, చివరికి కుడివైపు వంగుతుందని కాగితపు తెరల సహాయంతో ఆయన నిరూపించాడు. గొట్టం గోడను ఒరుసుకొనడం వల్ల కలిగిన భ్రమణమే ఆ వంపుకు హేతువు. గొట్టం లోపల మెలితిరిగిన చాళ్లు తీసి, గుండు వాటిని పట్టుకొని తన ప్రయాణ దిశ చుట్టూనే తిరిగేటట్లు చేస్తే ఈ దోషం తొలగిపోతుందని వివరించి, అటువంటి తుపాకులను ముందుగా చేపట్టిన దేశానికి యుద్ధంలో ఆధిక్యం లభిస్తుందని 1747లో హెచ్చరించాడు. చాళ్లు తీసిన ఆ తుపాకే రైఫిల్.

ఆ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటలను పటిష్ఠపరిచే బాధ్యత స్వీకరించి 1750లో చోళమండల తీరానికి వచ్చాడు. మద్రాసు, కడలూరు కోటల పనులు చూస్తూ, మరుసటి ఏడే కడలూరులోని సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు. తుపాకి గురి రహస్యాన్ని విప్పిచెప్పిన వ్యక్తి మన తూర్పుతీరపు మట్టిలో కలిసిపోయాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు.

ఊదుగొట్టం నేర్పిన పాఠం

రైఫిల్ సూత్రం తెలిసినా చిక్కు తీరలేదు. గుండు చాళ్లను పట్టుకోవాలంటే గొట్టంలో బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి వైపు నుంచి సుత్తితో కొట్టి దించాలి. వేటగానికి ఆ తీరిక ఉంటుంది, యుద్ధంలోని సిపాయికి ఉండదు. దిగేటప్పుడు వదులుగా, వెళ్లేటప్పుడు బిగువుగా ఉండే గుండు కావాలి.

దీనికి దారి దక్షిణ భారతంలోనే దొరికిందని ఆయుధ చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ పనిచేసిన కెప్టెన్ నార్టన్ అనే ఆంగ్ల సైనికాధికారి, స్థానికులు నోటితో ఊది బాణాలు వదిలే గొట్టాలను పరిశీలించాడు. బాణం మొదట్లో తామరకాడ బెండు అమర్చి ఉంది. ఊదగానే ఆ మెత్తని బెండు వ్యాకోచించి గొట్టాన్ని నిండుగా మూసేది. గాలి పక్కల నుంచి తప్పించుకోలేక తన బలమంతా బాణానికే ఇచ్చేది. ఇదే సూత్రం మీద 1823లో అతడు అడుగుభాగం బోలుగా ఉండే సీసపు గుండును రూపొందించాడు. మందు పేలినప్పటి ఒత్తిడికి ఆ బోలు అంచు విచ్చుకొని చాళ్లలో కూరుకుపోతుంది. ఆంగ్ల ప్రభుత్వం దానిని పట్టించుకోలేదు. తరువాత గ్రీనర్ ఇటువంటి గుండునే ప్రతిపాదించినప్పుడు కూడా తిరస్కరించింది. చివరకు ఫ్రెంచి సేనకు చెందిన మినియే 1849 నాటికి అదే భావాన్ని ఆచరణలో పెట్టగా, అతని హక్కులకు ఆంగ్లేయులు ఇరవైవేల పౌన్లు చెల్లించారు. తమ ఏలుబడిలోని ప్రాంతంలో ఉచితంగా కనిపించిన సూత్రాన్ని పొరుగు దేశం నుంచి కొనుక్కోవలసి వచ్చింది.

1857: సందులోని జిడ్డు

ఈ పరిణామానికి పరాకాష్ఠ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. గొట్టం లోపలి కొలత 0.577 అంగుళం; తొలి గుండు 0.568. బ్రౌన్ బెస్‌లో అంగుళంలో వెయ్యికి అరవై వంతులున్న సందు ఇక్కడ తొమ్మిది వంతులకు దిగింది. అనేక వందల గజాల దూరం గురి కుదిరింది. అయితే అంత సన్నని సందులో గుండు సాఫీగా దిగాలంటే జిడ్డు కావాలి. అందుకని మందునూ గుండునూ కలిపి కాగితంలో చుట్టిన తూటాకు, గుండు వైపు కొవ్వూ మైనమూ పూసేవారు. సిపాయి తూటా కొనను పంటితో కొరికి, మందును గొట్టంలో పోసి, జిడ్డు కాగితంతో సహా గుండును దట్టించాలి.

లోహశాస్త్రం దృష్ట్యా ఇది చక్కని పరిష్కారం. కాని ఆ కొవ్వు ఏ జంతువుదో కలకత్తాలో సరఫరా చేసే గుత్తేదారుకు ఎవరూ షరతు విధించలేదు. తన గుండును తానే పోసుకొని, తన మందును తానే కొలుచుకొన్న తరాలలో ఈ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు. తూటాను ఎక్కడో, ఎవరో, దేనితోనో తయారు చేసి చేతిలో పెట్టినప్పుడు మాత్రమే అది పుడుతుంది. 1857 జనవరిలో డమ్‌డమ్ ఆయుధాగారం నుంచి ఆవు కొవ్వు, పంది కొవ్వుల వదంతి బయలుదేరింది. హిందూ సిపాయికి ఒకటి, ముస్లిం సిపాయికి మరొకటి సహించరానివి.

ప్రభుత్వం కదలలేదని చెప్పడం న్యాయం కాదు. జిడ్డు పూయని తూటాలే ఇవ్వాలనీ, సిపాయిలు తమకు నచ్చిన జిడ్డును తామే పూసుకోవచ్చుననీ ఆ నెలాఖరుకే ఉత్తరువు వెలువడింది. కొరకడానికి బదులు చేతితో చింపే పద్ధతిని మార్చిలో ప్రవేశపెట్టారు. సాంకేతికంగా ఈ రెండూ సరైన నిర్ణయాలే. ఒక విధంగా తూటా తయారీలో చివరి పనిని మళ్లీ సిపాయి చేతికే అప్పగించినట్లు. కాని అప్పటికి అనుమానం జిడ్డు నుంచి కాగితానికి పాకింది. కాగితం నిగనిగలాడుతోంది కాబట్టి దానిలోనే కొవ్వు ఉందన్నారు. ఫిబ్రవరిలో బెర్హంపూరులో పందొమ్మిదవ పటాలం తిరస్కరించిన తూటాలు పాత రకానివే. ఏప్రిల్ 24న మీరట్‌లో అశ్వికదళానికి చెందిన తొంభైమందిలో ఎనభైఅయిదుగురు ముట్టుకోవడానికి నిరాకరించినవి కూడా చాలాకాలంగా వారు వాడుతున్న తూటాలే. మే 9న వారికి బహిరంగంగా సంకెళ్లు వేశారు. మే 10న మీరట్ భగ్గుమన్నది.

1857కు భూమి, రాజ్యసంక్రమణ, జీతభత్యాలు వంటి లోతైన కారణాలెన్నో ఉన్నాయి. తూటా ఒక్కటే దానిని పుట్టించలేదు. అయితే ఇక్కడ పరిపాలకులు గమనించదగిన అంశం ఒకటుంది. అధికారులు సందును వెయ్యో వంతుల్లో కొలిచారు; తమకూ సిపాయికీ నడుమ పెరిగిన సందును కొలవలేదు. విశ్వాసం చెదిరిన తరువాత ఇచ్చిన ప్రతి మినహాయింపూ నేరం ఒప్పుకొన్నట్లుగానే కనిపించింది. ఉత్తరాదిన ఆనాటి సిపాయిలను 'తిలంగాలు' అని పిలిచేవారు. మద్రాసు నుంచి క్లైవు వెంట వంగదేశానికి వెళ్లిన తెలుగు సిపాయిల వల్ల వచ్చిన పేరది. అవధ్ గ్రామాల యువకులు కూడా ఆ పేరుతోనే ఢిల్లీ వీధుల్లో నడిచారు.

వెడల్పు చేసిన గొట్టం

తిరుగుబాటు అణగిన తరువాత జరిగిన ఒక మార్పు చరిత్ర గ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది. భారతీయ పటాలాల కోసం 1858 నమూనా తుపాకి వచ్చింది. పైకి చూస్తే అది ఎన్‌ఫీల్డే. లోపల చాళ్లు లేవు. గొట్టాన్ని సుమారు 0.65 అంగుళానికి వెడల్పు చేసి నున్నగా మలిచారు. రాబిన్స్ నుంచి మినియే వరకు ఒక శతాబ్దం శ్రమించి పూడ్చిన సందును ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా మళ్లీ తెరిచింది. సిపాయి చేతిలో తుపాకి ఉండవచ్చు, గురి ఉండకూడదు. ఆ తరువాత కూడా ఆంగ్ల సైనికునికి మార్టినీ-హెన్రీ అందాక భారతీయునికి పాత స్నైడర్ దక్కింది. ఎప్పుడూ ఒక తరం వెనుకే. పౌరుల విషయంలో 1878 ఆయుధ చట్టం ఇదే అపనమ్మకానికి శాసనరూపం. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావాసులకు మినహాయింపు కల్పించింది.

ఇత్తడి గుల్ల, రైఫిల్ గది

1866లో బాక్సర్ రూపొందించిన లోహపు తూటాతో జిడ్డు కాగితం శకం అంతరించసాగింది. మందు, గుండు, నిప్పురవ్వ మూడూ ఇత్తడి గుల్లలో ఒదిగాయి. తూటా మూతి నుంచి కాక వెనుక నుంచి, గొట్టం మొదట్లో దాని కోసమే తొలిచిన చాంబర్ అనే గదిలోకి చేరింది. దీనితో సమస్య స్థలం మారింది. గుండుకూ గొట్టానికీ ఉన్న సందుకు తోడు గుల్లకూ గదికీ నడుమ సందు ముఖ్యమయింది. పేలినప్పుడు ఇత్తడి వ్యాకోచించి గది గోడలకు అంటుకొని వాయువును వెనుకకు పోనీయదు. నార్టన్ చూసిన తామరబెండు చేసినది కూడా ఇదే పని.

గది వదులుగా ఉంటే బురద అంటిన తూటా కూడా లోపలికి పోతుంది, తుపాకి మొరాయించదు. కాని గుల్ల ఎక్కువగా సాగుతుంది, గుండు గొట్టం మధ్యరేఖకు కాస్త ఓరగా బయలుదేరుతుంది. గది బిగుతుగా ఉంటే గురి మెరుగవుతుంది, నమ్మకం తగ్గుతుంది. సైన్యాలు సహజంగా మొదటిదానినే ఎంచుకొన్నాయి. మన సైన్యం, పోలీసు బలగాలు దశాబ్దాల తరబడి మోసిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ గది అటువంటి ఉదారమైన గదే. ఆ కుటుంబానికి చెందిన నాలుగవ నంబరు రైఫిల్‌లో బోల్టు తలను సున్నా నుంచి మూడు వరకు నాలుగు కొలతలలో చేశారు. ఏ రైఫిల్‌కు ఏ తల సరిపోతుందో ఆయుధాగారంలో చూసి బిగించేవారు. సామూహిక ఉత్పత్తి నడుమ కూడా ఒక్కొక్క తుపాకినీ విడిగా పలకరించే పని పూర్తిగా అంతరించలేదన్నమాట.

గురినే ఆశించినవారు రెండవ దారి పట్టారు. అమెరికాలో గొట్టాల తయారీకి పేరుపొందిన హారీ పోప్ ఒకే ఇత్తడి గుల్లను మళ్లీ మళ్లీ మందుతో నింపుతూ, గుండును మాత్రం పాతకాలపు పద్ధతిలో మూతి నుంచి దించేవాడు. ఒకసారి పేలిన గుల్ల తన గది ఆకారాన్నే దాలుస్తుంది కాబట్టి అదే గదిలో తిరిగి అత్యంత చక్కగా ఇముడుతుంది. తూటాలను చేతితో నింపుకొనే అభిరుచికి మూలసూత్రం ఇదే. పోటీలలో బల్లమీద రైఫిల్ ఆనించి కాల్చేవారు ఇంకొక అడుగు వేసి, గది మెడను ఇరుకుగా తొలిపించుకొని, గుల్ల మెడను దానికి తగినట్లు పలుచన చేసి, నడుమ అంగుళంలో వెయ్యో వంతు లెక్కన సందు మిగుల్చుకొంటారు. అక్బరు కాలపు వేటగాని వలె వారికి కూడా తుపాకి, తూటా ఒక జత.

మన దేశంలో ఈ అభిరుచికి చోటు పరిమితం. 1878 చట్టం స్థానంలో వచ్చిన 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటాల తయారీకి కూడా లైసెన్సు కావాలి. ప్రజల భద్రత దృష్ట్యా ఆ జాగ్రత్త సమంజసమే. ఖడ్కీలో 1869లో వెలసిన తూటాల కార్ఖానా, ఈశాపూరులో 1904లో ఏర్పడిన రైఫిల్ కార్ఖానా స్వాతంత్ర్యానంతరం జాతి ఆస్తులయ్యాయి. అరవయ్యవ దశకంలో ఈశాపూరు పనివారు పాత లీ-ఎన్‌ఫీల్డ్ రూపాన్ని 7.62 మిల్లీమీటర్ల కొత్త తూటాకు అనువుగా మలిచారు. 2021లో ఆయుధ కార్ఖానాల మండలి రద్దయి, ఈ రెండూ వేర్వేరు ప్రభుత్వ సంస్థల కిందికి వెళ్లాయి. తుపాకి ఒక సంస్థది, తూటా మరొక సంస్థది. ఆ రెంటినీ కలిపి ఉంచేది ఉమ్మడి కొలత ఒక్కటే.

ముగింపు

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం గెలిచినప్పుడు ఆ ఆటలో మందూ లేదు, ఇత్తడి గుల్లా లేదు. గాలి ఒత్తిడితో వెళ్లే చిన్న సీసపు గుళిక మాత్రమే ఉంది. ఆ గుళికలు 4.49, 4.50 మిల్లీమీటర్ల వంటి, వందో వంతు తేడా గల కొలతలలో లభిస్తాయి. ఆ స్థాయి క్రీడాకారులు తమ గొట్టాన్ని బిగించి ఉంచి, రకరకాల గుళికలను కాల్చి చూసి, దానికి నప్పినవాటినే ఎంచుకొంటారు. పేటికల మీద ముద్రించిన అంకె ఒకటే అయినా ఒక విడత గుళికలు నప్పుతాయి, మరొక విడతవి నప్పవు. గొట్టం, గాలి, మెత్తని సీసం: నార్టన్ చూసిన ఊదుగొట్టం నుంచి మనం చాలా దూరం వచ్చామని గట్టిగా అనలేం.

కొలతలను ప్రమాణీకరించడం ఆధునిక రాజ్యపు గొప్ప విజయాలలో ఒకటి. అది లేకుండా సైన్యమూ నడవదు, పరిశ్రమా నడవదు. అయితే ప్రమాణం ఒకరి చేతిలోని పనిని మరొకరి చేతికి మారుస్తుంది. ఆ మార్పిడిలో పని పోగొట్టుకొన్నవాడు "ఇందులో ఏమి కలిపారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మొదటిరోజే, తెరిచిన చేతితో సమాధానం చెప్పగలిగిన ప్రభుత్వానికే ప్రమాణం విధించే అర్హత ఉంటుంది. 1857లో ఆ సమాధానం ఆలస్యంగా వచ్చింది. 1858లో దాని స్థానంలో నున్నని గొట్టం వచ్చింది.

ఎన్నికలు ముగిశాక ఆ వృద్ధుడు రసీదు పట్టుకొని ఠాణాకు వచ్చాడు. తుపాకిని అందుకొని పక్కన పెట్టి, మొదట గుడ్డమూట విప్పి అచ్చును చూసుకొన్నాడు. రెండు దవడలూ మూసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. నడుమ వెలుగు కనిపించలేదు. అప్పుడు గాని సంతకం చేయడానికి కలం అడగలేదు.